ఓడెక్కే ముందు కట్టిన కట్టు

ఆ రోజుల్లో ఎవరు ఏది అడిగినా "నాకు తెలియదు" అనే మాట నా నోట వచ్చేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో డిగ్రీ, మెడలో ఫోటో ఉన్న కార్డు, తమిళనాడులో మా రాజపాళయం బస్టాండు పక్కన ఒక ట్రావెల్స్ ఆఫీసులో తిరిగే కుర్చీ. ఇన్ని ఉన్నాక తెలియకపోవడం ఎలా కుదురుతుంది? అప్పటిదాకా ఆ ఆఫీసులో పనంటే తిరుపతికీ రామేశ్వరానికీ వ్యాన్లు మాట్లాడిపెట్టడమే. ఉన్నట్టుండి మా ముదలాళి (యజమానిని మా ఊళ్ళో అందరం అలాగే అంటాం) చెన్నై రేవు నుంచి బయలుదేరే విహార నౌకల టికెట్లు కూడా ఇక్కడ దొరుకుతాయని బోర్డు రాయించాడు. ఆ బోర్డు కింద కూర్చోబెట్టింది నన్ను. నేను అప్పటికి ఓడ ఎక్కలేదు సరికదా, సముద్రంలో దిగింది కూడా తిరుచెందూరులో మోకాళ్ళ లోతు వరకే. అయినా ఫోనులో వీడియోలు చూసి చూసి, ఓడ నడిపేవాడికి కూడా నాలుగు మాటలు చెప్పగలననే ధైర్యం తెచ్చుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

నేను ఉద్యోగం చేయడం మా పెదనాయనకు ఇష్టం లేదు. మాది ఉమ్మడి కుటుంబం, పెదనాయన మాటే మాట. ఆయనకు సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే కంపెనీ ఉంది. ఇంటి నిండా బ్యాండేజీ చుట్టలే. మా ఇంట్లో కిటికీ తుడిచేది దానితోనే, నెయ్యి వడగట్టేది దానితోనే, చిన్నప్పుడు నా బొమ్మలకు చీర కట్టింది కూడా దానితోనే. "మన కంపెనీ ఉండగా ఇంకొకరి దగ్గర కుర్చీ ఏమిటికి?" అని ఆయన రోజూ అనేవారు. కంపెనీలో కూర్చుంటే నేను ఎప్పటికీ ముదలాళి తమ్ముడి కూతుర్నే. ఇక్కడ మెడలో కార్డు మీద ఉన్నది నా పేరు. ఈ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం లేక, పని బాగుంది పెదనాయనా అని మాత్రం గొణిగేదాన్ని. చివరికి ఒకరోజు ఆయనే తేల్చేశారు. "మీ అవ్వకు కప్పల్ ఎక్కాలని ఆశ ఉండాది. ఇంటిల్లిపాదీ పోదాము. అంతా నువ్వే ఏర్పాటు చెయ్యి. ఒళుంగా పోయి ఒళుంగా వచ్చినామంటే నీ పని నీది. నడుమ ఏదన్నా కొళప్పం అయిందో, మరునాటి నుంచి కంపెనీకి వచ్చి కూచో." (కప్పల్ అంటే ఓడే. ఒళుంగా, కొళప్పం అనే రెండు మాటల మధ్యే మా పెదనాయన జీవితమంతా నడిచింది. సవ్యంగా జరిగితే మొదటిది, గందరగోళమైతే రెండోది.)

ఇక చూడండి నా వైభవం. ఆదివారం పొద్దున తిన్నె మీద నేను కూర్చోవడం, చుట్టూ ఇంటివాళ్ళు కూర్చుని ప్రశ్నలు అడగడం. "కప్పల్‌లో సాంబారు ఉంటాదా పాపా, పొడి ఎత్తుకుందామా?" అంది పెద్దమ్మ. బయటి తిండి లోపలికి రానివ్వరని, శాకాహారం వేరే బల్ల మీద పెడతారని, ముందే చెబితే వెల్లుల్లి లేకుండా కూడా వండుతారని చెప్పాను. "పంపులో వచ్చేది ఉప్పునీళ్ళేనా? తలకు పోసుకుంటే జుట్టు ఏమైతాది?" అంది మంసాపురం అత్త. అవి మంచినీళ్ళే అత్తా అన్నాను. "నడి సముద్రంలో సిగ్నల్ దొరుకుతాదా? నూలు రేటు తెలుసుకోవాల" అన్నారు పెదనాయన. ఓడ కదిలిందంటే ఫోను నోరు మూయించాలి, లేకపోతే ఇంటికొచ్చాక బిల్లు చూసి మన నోరు మూసుకుంటుందన్నాను. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రమైనా కావచ్చు, కాబట్టి మందులూ ఒక జత బట్టలూ పాస్‌పోర్టూ చేతిసంచిలోనే ఉండాలి. దిగే ముందు రోజు పెట్టెలు గది బయట పెట్టమంటారు, అప్పుడు కట్టుకోవడానికి బట్టలు మిగుల్చుకోవడం మరిచిపోకూడదు. ఇవన్నీ మంచి సలహాలే, నేటికీ ఇవే చెబుతాను. చెప్పిన తీరే బాగాలేదు. కాలు మీద కాలు వేసుకుని చెప్పాను.

గదుల సంగతి వచ్చినప్పుడు, ఓడ మధ్యభాగంలో కింది అంతస్తులో తీసుకున్నానని, అక్కడైతే ఊగడం తక్కువని చెప్పాను. మా అవ్వ (పెదనాయన తల్లి, పొట్టి మనిషి, ఆమె ముందు పెదనాయన కూడా గొంతు తగ్గిస్తారు) అప్పటిదాకా వక్క నములుతూ వింటోంది. "ఏమే, మొన్న ఊగనే ఊగదు అంటివి. మళ్ళ ఊగేది తక్కువ ఉండే రూము ఏమిటికి?" అంది. నేను తడబడి, "అవ్వా, ఈ కాలం కప్పళ్ళు ఊగవు. ఇక్కడ తిన్నె మీద కూర్చున్నట్టే ఉంటుంది" అని నవ్వేశాను. అవ్వ నవ్వలేదు. "నేను బండిలో సంకరన్‌కోవిల్ పోయేటప్పుడే కడుపులో తిప్పేది. మా అమ్మ కడుపుకు గుడ్డ బిగించి కట్టేది. పేగు కదలకుంటే వాంతి రాదు. అందరికీ నేను కట్టతాను" అంది. మా ఇంట్లో కాన్పయినా, జ్వరం తగ్గినా, దూర ప్రయాణమైనా అవ్వ కడుపుకట్టు తప్పదు. గుడ్డకు కరువా? నేను మాత్రం అందరి ముందూ, "ఇంకా ఏ కాలంలో ఉన్నావవ్వా? నన్ను మాత్రం వదిలేయ్, ఆఫీసులో తెలిస్తే పరువు పోతుంది" అన్నాను. పరువు అనే మాట నేనే మొదట వాడానని గుర్తు పెట్టుకోండి.

చెన్నైలో రైలు దిగి, లాడ్జిలో స్నానాలు చేసి, అక్కణ్ణుంచి రేవుకు పోవాలి. అవ్వ ఒక సంచి నిండా బ్యాండేజీ చుట్టలు, డబ్బా నిండా పిన్నీసులు తెచ్చింది. ఒక్కొక్కరినీ నిలబెట్టి, చుట్టూ తిరగమని, బిగించి, వీపు వైపు పిన్నీసు గుచ్చింది. పెదనాయన కూడా చొక్కా పైకెత్తి బుద్ధిగా తిరిగారు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తూ నవ్వుకున్నాను. అంతలో నడవాలో పక్క గదివాళ్ళు తగిలారు. అంతకు ముందు వారమే అదే ఓడలో పోయొచ్చారట. "రెండో రోజు మాత్రం ఏమీ లోపల నిలవలేదమ్మా" అంది వాళ్ళలో ఒకావిడ, ఇంకా మొహం పాలిపోయే ఉంది. తిన్నె మీద కూర్చున్నట్టే ఉంటుందని చెప్పిన నేను ఇంటివాళ్ళందరి ముందు వాంతి చేసుకుంటే, ఇక కంపెనీయే గతి. అవ్వ కాఫీకి కిందికి పోయిన సమయంలో సంచిలోంచి ఒక చుట్ట తీసుకుని స్నానాలగదిలో దూరాను. అందరికీ ఒక్కొక్కటి సరిపోయిందేమో, భయంతో నేను రెండోది కూడా తెచ్చుకుని దాని మీదే చుట్టాను. వీపు వైపు చెయ్యి అందక బొడ్డు దగ్గరే పిన్నీసు గుచ్చుకున్నాను. పైన వదులు కుర్తా వేసుకున్నాను. మెడలో కార్డు వేసుకున్నాను.

రేవులో పెద్ద హాలు, చల్లని గాలి, వరుసలు. చేతిసంచులు చక్కగా ఉన్నాయి, పాస్‌పోర్టులు బయటే ఉన్నాయి, ఆరోగ్యం అడిగే బల్ల దగ్గర మావాళ్ళెవరికీ ఏ జబ్బూ లేదని నేనే గట్టిగా చెప్పి వచ్చాను. పెదనాయన "ఒళుంగా జరుగుతా ఉండాది" అని తల పంకించారు. నాకు ఆ మాట చాలు. తర్వాత తనిఖీ. కాపలా మనిషి చేతిలో ఉన్న కడ్డీ పెదనాయన నడుము వెనక కుయ్యిమంది. చొక్కా ఎత్తమన్నాడు. తెల్లటి కట్టు. ఆపరేషనా అని అడిగాడు. కాదన్నారు పెదనాయన. వెనక చిన్నాయన, ఆయనకూ కుయ్యి. ఆడవాళ్ళ పక్కన పెద్దమ్మకు కుయ్యి, మంసాపురం అత్తకు కుయ్యి. పిల్లలకు కూడా. ఒకే ఇంటి మనుషులందరికీ ఒకే చోట కట్టు. అధికారి వచ్చాడు, ఇంకో అధికారి వచ్చాడు. జబ్బులేమీ లేవని చెప్పింది ఎవరని అడిగారు. వరుసంతా మా వెనక ఆగిపోయింది.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కార్డు సరిచేసుకుని ముందుకు వెళ్ళి, ఇంగ్లీషులో, నేను వీళ్ళ ట్రావెల్ ఏజెంట్‌నని, వీళ్ళు పాతకాలం మనుషులని, ఇదంతా మూఢనమ్మకమని, నేను ఎంత చెప్పినా వినలేదని వివరించాను. 'మావాళ్ళు' అనే మాట నోట రాలేదు, 'వీళ్ళు' అనే వచ్చింది. అధికారి మర్యాదగా విని, మీరూ తనిఖీ చేయించుకోండి మేడమ్ అన్నాడు. తెర వెనక్కి వెళ్ళాను. అక్కడ అవ్వ అప్పటికే కట్టు విప్పించుకుని చీర సర్దుకుంటోంది. కాపలా ఆవిడ కడ్డీ నా బొడ్డు దగ్గర పెట్టగానే అది అందరికంటే గట్టిగా మోగింది (నాకు అలా వినిపించింది). కుర్తా ఎత్తాను. ఆవిడ పిన్నీసు తీసి లాగడం మొదలుపెట్టింది. లాగుతూనే ఉంది. ఒక చుట్ట అయిపోయాక రెండోది వచ్చింది. "మీకు వీళ్ళకన్నా నమ్మకం ఎక్కువ మాదిరి ఉంది" అంది తమిళంలో. అవ్వ ఆ పిన్నీసు ఉన్న చోటు చూసింది, నన్ను చూసింది.

బయటికి వచ్చేసరికి ఇంకా పెద్ద అవమానం కాచుకుని ఉంది. మావాళ్ళు విప్పిన గుడ్డను కుప్పగా వదిలేసే రకం కాదు. కంపెనీలో పుట్టి పెరిగిన చేతులు. అందరూ వరుసగా కుర్చీల్లో కూర్చుని, మోకాలి మీద పెట్టి, అంచులు సమంగా, బిగుతుగా చుట్టలు చుడుతున్నారు. పెదనాయన అయితే చిన్నాయన చుట్టిన చుట్ట వదులుగా ఉందని విప్పించి మళ్ళీ చుట్టించారు. వరుసలో ఉన్నవాళ్ళు ఫోన్లు తీసి వీడియో పట్టారు. (ఆ వీడియో మా ముదలాళి దాకా వచ్చింది. చాలాకాలం మా ఆఫీసుకు ఫోన్ చేసినవాళ్ళు టికెట్‌తో పాటు బ్యాండేజీ కూడా ఇస్తారా అని అడిగేవారు.) ఓడ డాక్టరమ్మ వచ్చి ఒక్కొక్కరి కడుపూ నొక్కి చూసి, నవ్వు ఆపుకుంటూ సరే పొమ్మంది. నా చేతుల్లో రెండు చుట్టలూ చూసి పెదనాయన ఆగారు.

"నీకూనా?" అన్నారు.

నేను చుట్టలు రెండూ వీపు వెనక్కి దాచాను.

"కప్పల్ ఊగదు అని ఊరికంతా చెప్పేది నువ్వు. నువ్వు చెప్పింది నువ్వే నమ్మకుంటే, టికెట్ కొనేవాళ్ళు ఎట్ల నమ్మతారు? ఇట్లాంటి పని నీకు వేండాం, వద్దు." ఆయన కోపంగా అనలేదు, బాధగానే అన్నారు, అందుకే ఇంకా నొప్పి పుట్టింది.

అవ్వ మధ్యలోకి వచ్చింది. "దాన్ని ఏమిటికి అంటావురా? అది వద్దు వద్దు అని ఏడిసింది. నేనే బలవంతంగా పట్టి కట్టినాను. చిన్నపిల్ల కదా అని రెండు కట్టినాను. అనేది ఉంటే నన్ను అను." పెదనాయన తల్లిని ఏమంటారు? "సరి, నడవండి" అన్నారు. నేను అవ్వ వైపు చూడలేకపోయాను. కాదు పెదనాయనా, నేనే కట్టుకున్నాను అని చెప్పడానికి ఓడ మెట్లెక్కేదాకా సమయముంది. చెప్పలేదు. ఓడలో చెప్పవచ్చనుకున్నాను. ఓడలోనూ చెప్పలేదు, ఎందుకంటే రెండో రోజు పొద్దున్నుంచీ నేను మంచం దిగలేదు. పిన్నీసు లేకుండా ముడేసి మళ్ళీ కట్టుకున్నా లోపల ఏదీ నిలవలేదు. కట్టు లేని మా అవ్వ పైఅంతస్తులో గాలికి కొంగు ఎగురుతుంటే ఐస్‌క్రీము తిని, వచ్చి నా తల పట్టుకుని, "ముడేస్తే ఎట్ల నిలుస్తాదే? పిన్నీసు కావాల" అంది. నేను పడుకున్నంతసేపూ నా కాళ్ళ దగ్గరే కూర్చుంది, మళ్ళీ సముద్రం చూడడానికి పైకి పోలేదు.

అవ్వ మాట వల్ల ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు మా ఆఫీసులో ఓడ ప్రయాణాలన్నీ చూసేది నేనే. ఊగుతుందా అని అడిగితే, ఊగుతుందనే చెబుతాను. డాక్టరును అడిగి మాత్ర తీసుకోండి, ఖాళీ కడుపుతో ఉండకండి, తల తిరిగితే పైకి వెళ్ళి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటు చూడండి అంటాను. కడుపుకు గుడ్డ కట్టుకోవచ్చా అని మా వైపు పెద్దవాళ్ళు అడిగితే, కట్టుకోండి, పిన్నీసు మాత్రం వద్దంటాను. కాలు కింద పెట్టుకునే కూర్చుంటాను.

అవ్వకు ఇప్పుడు చాలా సంగతులు గుర్తులేవు. ఓడ ప్రయాణం మాత్రం ఎవరొచ్చినా చెబుతుంది, ప్రతిసారీ నన్ను పట్టి కట్టిన భాగం దగ్గర కాస్త ఆగి మరీ చెబుతుంది. నేను తలుపు దగ్గరికి ఎలా పారిపోయానో, ఎలా ఏడ్చానో, తను ఎలా లాక్కొచ్చిందో, అన్నీ కొత్తగా చేరాయి. మొదట్లో నన్ను కాపాడడానికి చెప్పిన ఆ మాట ఎప్పుడో ఆమెకు నిజమైపోయింది. మొన్న ఆదివారం పెదనాయన కూడా పక్కనే ఉన్నప్పుడు, నిజం చెప్పేద్దామని ఆమె దగ్గర కూర్చున్నాను. అవ్వ నా కడుపు మీద చెయ్యి పెట్టి, "ఆ పొద్దు రెండు చుట్టలు బిగించి కట్టేసినాను కదే పాపా. శానా నొప్పించినానా?" అంది.

"లేదవ్వా," అన్నాను, "సరిగ్గానే కట్టినావు."