కాంటా వరుసలో క్రిస్మస్ పాట

మా వాడలో పాట ఎత్తుకోవాలంటే నేనే ఎత్తుకోవాలి. గొప్పకు చెప్పడం లేదు. కొంత గొప్పకే చెబుతున్నాను, అబద్ధమెందుకు? ఎడపల్లి పక్కన మా మట్టిగోడల ప్రార్థన గుడికి పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు నా గొంతు, మా అన్న కంజీరా, అదే ఆరాధన. నేను పల్లవి అందుకుంటే అన్న కళ్లు మూసుకునేవాడు. ఇక ఆకలి లేదు, దప్పిక లేదు. పాట అయిపోతే "ఇంకోటి చెల్లె, ఇంకొక్కటి" అనేవాడు. అయ్యగారు వచ్చిన రోజు కూడా అనేవాడు. పాపం అయ్యగారు గడియారం చూసుకునేవారు.

అప్పటికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా పడింది. కాలువ కింద ఎటు చూసినా చెరుకే. మా ఊరి పటేలు తన చెరుకు బండిని తోలమని అన్న చేతికిచ్చాడు. ఇది చిన్న సంగతి కాదు. మా బాపు జన్మంతా ఊళ్లో చచ్చిన ఎడ్లనే మోశాడు. బతికున్న ఎడ్ల పగ్గాలు పట్టింది మా వాడలో అన్నే మొదలు. అన్న బండి తోలుకుంటూ పోతుంటే ముసలివాళ్లు గడప దాటి వచ్చి మరీ చూసేవారు. అవ్వ అయితే ఆ ఎడ్లకు దిష్టి తీసేది. మనకు ఇవన్నీ ఉండకూడదే అంటే వినేది కాదు.

పటేలు మాత్రం ముందే చెప్పాడు.

"నీ పండుగలు, నీ పాటలు నాకెర్క లేదు. బండి వంతు తప్పిందో, పగ్గాలు ఆడ వెట్టి పో."

వంతంటే ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాంటా ముందు బండ్ల వరుస. ముందు బండి కదలగానే వెనకది కదలాలి. కదలకపోతే వెనకవాళ్లు పక్కనుంచి దూరిపోతారు, మనం మళ్లీ తోక దగ్గర నిలబడాలి. ఈలోగా చెరుకు ఎండి తూకం తగ్గుతుంది.

ఆ ఏడు క్రిస్మస్ నాడు కూడా ఫ్యాక్టరీ నడిచింది, అన్న బండితో అక్కడే ఉన్నాడు. పొద్దున గుడిలో కంజీరా గోడకు వేలాడుతోంది. పాట ఎత్తుకున్నాను గానీ ఉప్పులేని పప్పులా ఉంది. ఆరాధన కాగానే నాకు ఆవేశం వచ్చింది.

"అన్న గుడికి రాకపోతేంది? గుడినే అన్న తాన్కి తీస్కపోదాం" అన్నాను.

ఒక్కరూ వద్దనలేదు. కంజీరా చంకన పెట్టుకుని ముందు నడిచాను. పాడుకుంటూ బోధన్ చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది.

మమ్మల్ని చూడగానే అన్న బండి మీంచి దూకాడు. "వచ్చిండ్రా! నా కోసం గింత దూరం వచ్చిండ్రా!" అంటూ నా చంకలోని కంజీరా గుంజుకున్నాడు. నేను పల్లవి అందుకున్నాను. అన్న ఎడ్ల ముందు గంతులు వేశాడు. ముందూ వెనకా బండ్లవాళ్లు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. గుడిలో కూడా నేనెప్పుడూ అంత హాయిగా పాడలేదు. గొంతు దానంతట అదే సాగుతోంది.

మూడో చరణం ముగుస్తుండగా ముందు బండి కదిలింది. మా ఎడ్ల ముందు ఖాళీ నేల కనబడింది. నేను చూశాను. ఇప్పుడు నోరు మూస్తే అన్న కళ్లు తెరుస్తాడు, కంజీరా నా చేతిలో పెట్టి పగ్గాలు అందుకుంటాడు. ఇంకొక్క చరణమే కదా అనుకున్నాను. దేవుని కోసమే అని కూడా అనుకున్నాను. దేవుడు అడిగాడా? నాలుగో చరణం ఎత్తుకున్నాను. వెనకున్న మరాఠీ మనిషి ఏదో అరిచి, తన బండిని పక్కనుంచి తోలుకుపోయాడు. అతని వెంట ఇంకో బండి, దాని వెంట మరోటి.

మా బండి తోకకు పోయింది. సాయంత్రానికి కాంటా మూసేశారు, చెరుకు బండి మీదనే ఉండిపోయింది.

ఎద్దు కుంటిందని పటేలుతో చెప్పమని అన్నకు నూరిపోశాను. క్రిస్మస్ పాట పాడిన నోటితోనే. అన్న వినలేదు.

"పాట పాడుకుంట నిలవడ్డ పటేలా" అని ఉన్నదున్నట్టు చెప్పి, పగ్గాలు అక్కడ పెట్టి వచ్చాడు.

తర్వాత అన్న చెరుకు కోత కూలికి కుదిరాడు. చెరుకు ఆకు కత్తిలాంటిది, అరచేతులు చీరుకుపోయేవి. ఓ రోజు వాటికి గుడ్డపేలికలు చుట్టుకుంటుంటే తింటున్న పళ్లెం పక్కన పెట్టాను.

"అన్నా, ముందల బండి కదిలింది నేను సూసిన. సూసి గూడ పాట ఆపలే. తిట్టు నన్ను" అన్నాను.

అన్న ముడి బిగించుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"నేను సూడలేదనుకున్నవా చెల్లె? నేను గూడ సూసిన."

తిడితే బాగుండేది. ఓ పూట ఏడ్చి ఊరుకునేదాన్ని. చూసీ నిలబడ్డాడు, సరే. పాటే లేకపోతే నిలబడేవాడా? ఆ పాట నాది.

ఆ ఆదివారం గుడిలో అదే పాట పాడమన్నారు. పాడాను. వెనక అన్న గుడ్డలు చుట్టిన చేతులతో చప్పట్లు కొడుతున్నాడు, చప్పుడు రావడం లేదు. మూడో చరణం దాకా వచ్చి ఆమెన్ అనేసి కూర్చున్నాను. అందరూ నా మొహం చూశారు. అప్పుడు వెనక నుంచి, శ్రుతీ లయా లేని గొంతుతో, అన్న నాలుగో చరణం ఎత్తుకున్నాడు. గుడి గుడంతా అందుకుంది. నేనొక్కదాన్నే పాడలేకపోయాను.