నీప్ అని చెక్కని రాయి

లోకంలోని ఫ్లెట్‌లందరినీ, బతికున్నవాళ్లనీ పోయినవాళ్లనీ, కళ్లకు గంతలు కట్టినా ఎవరెవరో చెప్పగలిగేది మా నాయనమ్మ ఎల్స్‌పెత్ ఒక్కతే. జనాభా లెక్కలు రాసే రాజుగారి గుమాస్తాలు ఆమె దగ్గర ఓనమాలు దిద్దుకోవాలి.

మా రేవులో సగంమంది ఇంటిపేరు ఫ్లెట్. ఆమెకి పుట్టింటి పేరూ అదే, మెట్టినింటి పేరూ అదే. పాతకాలపు ఉత్తరాది నావికుల మాటలో దానికి 'చురుకైనవాడు' అని అర్థమట. నేను బడికి వెళ్లిన కొద్దిరోజుల్లో గుర్తున్నది ఇదొక్కటే.

"చురుకా! మీ తాత బూట్లు తొడుక్కునేసరికి చేపలు ముసలివైపోయేవి" అంది నాయనమ్మ.

ఇంటిపేరుతో మనిషిని పోల్చుకోలేం కనుక ఇక్కడ ప్రతి ఇంటికీ ఒక మారుపేరు ఉంటుంది. ఉత్తరాల మీదా అదే రాస్తారు. తాతయ్య వాళ్ల తాత పడవలో పచ్చి టర్నిప్ దుంపలు కొరికేవాడు. అప్పట్నుంచి వాళ్లు 'నీప్'లు. నీప్ అంటే టర్నిప్పే.

తాతయ్య పోయాక సమాధి రాయికి 'ఆండ్రూ ఫ్లెట్, నీప్' అని ఆమె రాసి పంపింది. దుంపపేరు ఎవరో చేసిన ఎగతాళి అనుకుని పట్నం శిల్పి దాన్ని వదిలేశాడు. మా శ్మశానంలో ఆండ్రూ ఫ్లెట్లు ఆరుగురు. పోయిన వేసవిలో తాతయ్య పడవ నేస్తం వచ్చి, ఇంకో ఆండ్రూ దగ్గర పూలు పెట్టి, ఏడ్చి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి ప్రతి శనివారం నాయనమ్మ పడవ రంగు డబ్బా పట్టుకెళ్లి, పేరు కింద 'నీప్' అని రాస్తుంది. సముద్రపు గాలికి వారంలోనే రంగు పెచ్చులూడుతుంది. ఇంట్లో ఆ పేరు పెట్టి పిలవడానికి మనిషి లేడు. ఆమె మాత్రం కెటిల్ దించి "నీప్, టీ చల్లారిపోతోంది" అని ఖాళీ కుర్చీతో అంటుంది.

నిన్న నేనూ వెంట వెళ్లాను.

"ఊళ్లోవాళ్లకి తెలుసుగా నాయనమ్మా, ఏ ఆండ్రూ ఎక్కడున్నాడో?"

"తెలిసినవాళ్లం ముగ్గురం. ముగ్గురికీ మోకాళ్లు అరిగిపోయాయి. మేం పోయాక ఎవడు చెప్తాడే?"

గాలి ఆమె రుమాలుని ఎగరేసింది. నేను నవ్వలేకపోయాను. ఈ కథ అప్పటిదాకా రాసుకున్న కాగితం జేబులోంచి తీసి, మొదటి వాక్యం నుంచి చదివి వినిపించాను.

"కోతలు చాలు. నీప్ అని రాశావా?"

"రాశాను."

"అయితే నోరు మూసుకుని డబ్బా పట్టుకో."