హిందీ టీచరు మౌనవ్రతం

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఏది ముందో ఏది వెనకో కాస్త అటూ ఇటూ కావచ్చు. ఈ మధ్య కూరలో ఉప్పు వేశానో లేదోనని మూడుసార్లు మూత తీసి చూసుకుంటున్నాను. అందుకే ఇది కూడా పోకముందే రాసిపెడుతున్నాను. నా జన్మలో నేను పట్టింది ఒకే ఒక్క మౌనవ్రతం. అది గంటసేపు కూడా నిలవలేదు. చెడగొట్టింది ఒక ఆవు.

పందొమ్మిది వందల అరవైలు మొదలైన కొత్త. గూడూరులో ఉండేవాళ్లం. నేను ఇంట్లోనే ఆడవాళ్లకు హిందీ చెప్పేదాన్ని. దాంతోపాటు నిమ్మకాయ ఊరగాయ పెట్టి అమ్మేదాన్ని. పొద్దున కాయలు తరగడం, మధ్యాహ్నం పాఠం. నా పుస్తకాలన్నీ నిమ్మకాయ వాసనే.

నేను బడికి పోయింది అయిదో తరగతి దాకానే. హిందీ అంతా పుస్తకాలు ముందు పెట్టుకుని సొంతంగా నేర్చుకుని, పరీక్షలు రాసి ప్యాసయ్యాను. చదవడం వచ్చు, రాయడం వచ్చు. కానీ హిందీ మాట్లాడే మనిషితో ఒక్కసారి కూడా నోరు విప్పి ఎరగను. ఈ సంగతి నా దగ్గర చదివే ఆరుగురికీ తెలియదు. ఆ ఆరుగురిలో మా ఆడబిడ్డ శారద కూడా ఒకతె.

అందరిలోకీ పెద్దది సుబ్బరత్నం, రైల్వే గుమాస్తా భార్య. ఒకరోజు పాఠం మధ్యలో అంది:

"టీచరక్కా, బజారు వీధిలో కొత్త హిందీ మాస్టరు చేరినాడంట. కాశీలో నాలుగేండ్లు ఉండొచ్చినాడంట. గడగడా మాట్లాడతాడంట."

"మాట్లాడితే పరీక్షలో మార్కులు వేస్తారా?" అన్నాను.

"వెయ్యరనుకో. అయినా నువ్వు మాట్లాడేది మేమెప్పుడూ వినలేదు కదక్కా. రేపు మా పక్కింటి సేఠును పిలుచుకొస్తా. మైకా యాపారం చేస్తాడే, ఆయన. మీరిద్దరూ హిందీలో మాట్లాడుకుంటా ఉంటే మేం కూర్చోని వింటాం."

మిగతావాళ్లు తలలూపారు. నాకు అర్థమైపోయింది. రేపు నేను తడబడితే, ఎల్లుండి వీళ్లంతా ఆ మాస్టరు అరుగు మీద ఉంటారు.

మరునాడు వాళ్లు సందు తిరుగుతుంటే కిటికీలోంచి చూశాను. లోపలికి పరుగెత్తి మా అత్తగారితో, "అత్తయ్యా, నేనీరోజు మౌనవ్రతమని చెప్పండి" అన్నాను.

"నీకా? ఏ దేవుడికి మొక్కుకున్నావే? పాపం, ఆయనకు నీ సంగతి తెలియదు" అంది. అయినా బయటికొచ్చి అందరికీ గట్టిగానే చెప్పింది.

సేఠు లావుపాటి మనిషి, నల్లటోపీ. మౌనవ్రతం అనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించి కూర్చున్నాడు. భక్తి అనుకున్నాను.

మర్యాద కోసం పలక తీసి హిందీలో నాలుగు వాక్యాలు, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి అందించాను. ఆయన దాన్ని చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి తలూపి తిరిగిచ్చాడు. ఏదో తప్పు పట్టాడు, పైకి చెప్పలేక ఊరుకున్నాడు అనుకున్నాను. ఇక ఆయనా మాట్లాడడు, నేనూ మాట్లాడను. ఆరుగురూ ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూస్తున్నారు. కోడిపందెం చూడవస్తే కోళ్లు రెండూ కునుకు తీస్తున్నట్టుంది.

అప్పుడు కనిపించింది పెరట్లో పక్కింటి ఆవు గౌరి. ఉప్పులో ఊరిన నిమ్మకాయ ముక్కలు చాప మీద ఎండుతున్నాయి. వారం రోజుల పని. దానికి ఉప్పంటే ప్రాణం. నాలుకతో చాప ఈ కొస నుంచి ఆ కొసకు తుడుస్తోంది.

చప్పట్లు కొట్టాను. పలక మీద బాదాను. పెరడు వైపు చెయ్యి చాపాను.

"ఏం కావాలక్కా? మంచినీళ్లా?" అంది సుబ్బరత్నం.

ఇక ఆగలేకపోయాను. "నీ నోరు పడిపోను, గౌరీ! వారం రోజుల కష్టమే, మీ అబ్బ సొమ్మా, పోతావా లేదా!" వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

"అమ్మా, మీరు అటునుంచి తోలండి, చాప నేను లాగేస్తా" అంటూ నాకంటే ముందే ఎవరో పెరట్లోకి పరుగెత్తారు. చూస్తే సేఠు.

ఆవు పోయింది. ఇద్దరం రొప్పుతూ నిలబడ్డాం.

"మీకు తెలుగొచ్చా?" అన్నాను.

"పదైదేండ్ల నుంచి ఈడనే ఉండాను కదమ్మా. ఇంట్లో మేం మాట్లాడేది గుజరాతీ. హిందీ బేరం చేసేంత వస్తాది, అంతే. మీరు పలక మీద రాసింది ఒక్క ముక్క చదవలేకపోయినా. టీచరమ్మ పరీక్ష పెడతాదేమోనని పొద్దున్నుంచి అన్నం దిగలేదు. మౌనవ్రతం అనగానే దేవుడికి దండం పెట్టుకున్నా."

సుబ్బరత్నం వైపు తిరిగాను. "ఈయనకు తెలుగొచ్చని చెప్పవేం?"

"నువ్వడిగితే కదక్కా. మౌనంలో ఉంటివి."

ఇక దాచి ఏం లాభం? నాకు మాట్లాడటం రాదని అందరి ముందూ చెప్పేశాను. సేఠే ముందుగా అందుకున్నాడు.

"మా కోడలు ఇండోరులో పెరిగింది. హిందీ బాగా మాట్లాడతాది. తెలుగు రాక ఇంట్లో ఒక్కతే గోడలు చూస్తా కూర్చుంటాది. పంపించేదా? మీరు ఆమెకు తెలుగు నేర్పండి, ఆమె మీకు నోరు తిప్పడం నేర్పుతాది."

సుబ్బరత్నం చాప మీద మిగిలిన నాలుగు ముక్కలూ గంపలోకి ఏరుతూ, "సరే, మేం యాడికీ పోంలే. ఆ మాస్టరు ఊరగాయ పెట్టడు కదా" అంది.

ఆ పిల్ల మర్నాటి నుంచి వచ్చింది. రెండేళ్లు వచ్చింది.

శారదా, నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి ఇది ఒకసారి చదివి పేర్లు సరిచూడమ్మా. సేఠు పేరు ఎంత తన్నుకున్నా రావడం లేదు. కోడలి పేరు చంప అని రాసి కొట్టేశాను. నాకు మాట నేర్పిన పిల్ల పేరు మరిచిపోవడం ఏం బాగుంటుంది? సుబ్బరత్నమో రత్నసుబ్బమ్మో అది కూడా చూడు. ఆవు పేరు మాత్రం చూడక్కర్లేదు. అది గౌరే.