మోకాలి ఎత్తున పెట్టిన బార్

డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీదున్న బార్‌ను, బరువులు తగిలించిన ఇనుప కడ్డీని, పట్టుకుని నిటారుగా నిలబడడం, అంతే. ఇందులో ఒక మనిషి ఇంకో మనిషిని మోసం చేయడానికి చోటెక్కడుందని అడుగుతారేమో. ఉంది. నేల నుంచి మోకాలి దాకా ఉన్న ఆ కాస్త ఎత్తులోనే ఉంది.

పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో నాది లోడింగ్ పని. నేను అన్నా అని పిలిచే ఆయనదీ అదే పని, అదే షిఫ్టు. సొంత అన్న కాదు, పోతిరెడ్డిపల్లిలో మా వెనక వీధిలో ఉంటాడు. ఆయన బండి మీదే ఇద్దరం డ్యూటీకి పోయేవాళ్లం. ఒకసారి పనిలో నాకు నడుము పట్టేస్తే ఆయనే జిమ్ముకు తీసుకుపోయాడు.

"నడుముల తాకత్ లేకనే పట్టింది తమ్మీ. రా, నేను నేర్పిస్త" అన్నాడు.

నిజంగానే నేర్పాడు. ఏ రకం లిఫ్టులో ఏ కండ పని చేస్తుందో ఆయనకు కొట్టిన పిండి. కాళ్లు వెడల్పుగా పెట్టి ఎత్తే సుమోలో తొడల మీద, తొడల లోపలి కండల మీద భారం ఎక్కువ. మోకాళ్లు కొద్దిగా వంచి, పిర్రలు వెనక్కి నెట్టి బార్‌ను దించే రొమేనియన్‌లో తొడ వెనక కండ పట్టి లాగుతుంది. "గీడ పట్టిందా? పడితే సరిగ్గ జేస్తున్నట్టే" అని అక్కడ వేలితో పొడిచి మరీ చూపించేవాడు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లను ఇద్దరం కలిసి ఎగతాళి చేసేవాళ్లం. నాకు అన్న ఉండగా ఫోన్ దేనికి?

జిల్లా జట్టుకు ఎంపిక పోటీ పెట్టారు. డెడ్‌లిఫ్ట్ ఒక్కటే. ఒక్కో బరువు విభాగం నుంచి ఒక్కరినే తీసుకుంటారు. బుద్ధెరిగాక నాకంటూ ఏదైనా కావాలనిపించింది అదే మొదలు. ఆ జట్టు బనియను వేసుకుని కంపెనీ గేట్లోకి నడుస్తున్నట్టు ఊహించుకునేవాణ్ని. అన్న నాకంటే భారీ మనిషి. ఆయన విభాగం వేరు.

అప్పుడే నా సాధన మార్చాడు. "నీ నడుము ఒకపారి పోయింది. కింది నుంచి ఎత్తినవనుకో, మళ్ల పోతది. బార్‌ని మోకాళ్ల కాడ స్టాండు మీద పెట్టి లాగు. పోటీ దినం కింది నుంచి అదే లేస్తది" అన్నాడు.

నా నడుము గురించి ఇంత ఆలోచించే మనిషి ఇంకెవరున్నారని పొంగిపోయాను. స్టాండు మీది నుంచి ఎంతెంత బరువులు లేచేవో! జిమ్ములో ఛాతీ విరుచుకుని తిరిగాను.

అదే రోజుల్లో అన్న తనకు షుగర్ వచ్చిందన్నాడు. అన్నం మానేశాడు. నా భార్య మాతో పాటు ఆయనకూ జొన్నరొట్టెలు చేసి పంపేది. మనిషి రోజురోజుకీ తగ్గిపోతుంటే నాకు దిగులేసేది.

పోటీ సంగారెడ్డిలో. బరువు తూచే దగ్గర అన్న వచ్చి నా విభాగం వరసలోనే నిలబడ్డాడు. "ఊకెనే, సరదాకు" అని నవ్వాడు. నేనూ నవ్వాను, వెర్రివెధవని.

నా మొదటి బరువు ఆయనే రాయించాడు. స్టాండు మీది నుంచి లాగిన బరువు. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు, ఒకసారి బరువు చెప్పాక పెంచడమే తప్ప తగ్గించడం కుదరదు. వంగి పట్టుకున్నాను. బార్ కదలలేదు. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. నడుము చెక్కుచెదరలేదు. తొడలే నేలను నెట్టలేకపోయాయి.

ఎందుకు లేవలేదో అక్కడే నిలబడి ఉండగా అర్థమైంది. కంపెనీలో మా బస్తాలు ప్యాలెట్లనే చెక్క బల్లల మీద నడుమెత్తున ఉంటాయి. అక్కడి నుంచి తీసి లారీలో వేస్తాం. నేల మీది నుంచి ఎత్తేది ఏదీ లేదు. డ్యూటీలో ఏ కండలు అరుగుతున్నాయో జిమ్ములోనూ వాటినే అరగదీశాను. తొడలకు పనే పెట్టలేదు. రోజూ ఆ బస్తా రెండో కొస పట్టుకునే మనిషికి ఇది తెలియదా?

అన్న సుమోలో నిలబడ్డాడు. తేలికైన బరువుతో మొదలుపెట్టి మూడూ ఎత్తాడు. జట్టులో చోటు ఆయనదే. నీళ్ల సీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నీకు షుగర్ ఉన్నదా?"

సీసా నా చేతికిచ్చాడు. "లేదు" అన్నాడు.

"మరి నన్ను కింది నుంచి ఎందుకు ఎత్తనియ్యలే?"

"ఎత్తనిస్తే నువ్వే గెలుస్తుంటివి తమ్మీ. నాకు ఎన్నడో తెల్సు. నాకు వయసు అయిపోతున్నది, గిదే ఆఖరి మోక."

ఒళ్లు మండిపోయింది. సీసా విసిరికొట్టాను. నేను గెలుస్తానని నా భార్య కూడా అనలేదు, నేను కూడా నమ్మలేదు. నమ్మినవాడు ఆయన ఒక్కడే. ఆ చోటు తనకు కావాలని ఒక్క మాట అడిగి ఉంటే, తిట్టుకుంటూనైనా నేనే తప్పుకునేవాణ్ని. అడగలేదు.