అన్నం తిన్నాక చెప్దాం

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం ఉదయం ఆమె నంద్యాల స్టేషన్లో ఒక్కతే రైలు దిగింది. ఇంగ్లండు పిల్ల, ఇరవై మూడేళ్లుంటాయి. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో డోన్‌లో ఎవరో అంటగట్టిన దోసకాయ. ఆరు నెలలు మా ఇంట్లో ఉండి తెలుగు నేర్చుకోవాలి, ఆ తరువాత పల్లెల్లో నర్సు పని చేయాలి. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు కాబట్టి మా ఇల్లయితే మర్యాదగా చూసుకుంటారని చర్చి వాళ్లు అనుకున్నారు. మర్యాదకేం, బోలెడంత ఉండేది. దాంతోనే ఆ పిల్ల గొంతు కోశాం.

మొదటి వారం ఆమె ఏడవని రోజు లేదు. మాట రాదు, కారం పడదు. స్నానాల గదిలో చెంబుతో నీళ్లు గుమ్మరిస్తూ, ఆ చప్పుడులో ఏడ్చేది. అమ్మ ఏమీ అడిగేది కాదు. బయటికొచ్చాక తలకు నూనె రాసి జడ వేసేది. ఆ పిల్లకు తల్లి చిన్నప్పుడే పోయింది. ఉన్నది నాయనొక్కడే. వారం వారం ఉత్తరం రాసేవాడు. అది ఆమె మాకు తెలుగులోకి మార్చి వినిపించేది. "మా నాయన కుక్కను తిప్పుతాండాడు. మా నాయన ఉర్లగడ్డలు నాటినాడు." మేం నవ్వేలోపు తనే నవ్వేసేది. నాకప్పుడు పదిహేడేళ్లు. ఆమె నన్ను చెల్లీ అనేది.

నాలుగో నెలలో, పల్లె మాట చెవిన పడాలని అమ్మ ఆమెను ఆళ్లగడ్డలో మా అవ్వ దగ్గరికి పంపింది. ఆమె అక్కడ ఉండగా ఒక గురువారం మధ్యాహ్నం మా ఇంటికి తంతి వచ్చింది. 'నాయనకు చాలా జబ్బు. వెంటనే ఫోన్ చెయ్యి' అని ఇంగ్లీషులో ఉంది. పంపింది ఆమె మేనత్త. అమ్మ నిలబడే చదివింది.

"పోయినాడు."

"జబ్బనే కదా రాసినారు?" అన్నాను.

"పోయినోళ్లను పోయినారని యాడన్నా రాస్తారా? మీ నాయన పోయినప్పుడు ఏమని వచ్చింది?"

మా నాయన పనిమీద డోన్‌కు పోయి అక్కడే గుండె ఆగి చనిపోతే, మాకొచ్చిన తంతిలోనూ జబ్బనే ఉంది. మావైపు అంతే. చావు కబురు ముఖాన చెప్పరు. జబ్బంటారు, ఇంటికి రప్పిస్తారు, కడుపులో నాలుగు మెతుకులు పడ్డాక పెద్దమనిషిని పక్కన పెట్టుకొని చెబుతారు. ఏడవడానికైనా సత్తువ ఉండాలి కదా.

"అయ్యగారు సంజామలలో ప్రార్థన కూటాలకు పోయినాడు" అంది అమ్మ, మా పాస్టరు గురించి. "రేపు సాయంత్రం వస్తాడు. అన్నం తిన్నాక, ఆయన ప్రార్థన చేసినాక చెప్దాం. నువ్వు పోయి రేపటికి తోడుకొని రా. నోరు జారొద్దు."

నేను పొద్దుగూకే వేళకు ఆళ్లగడ్డలో బస్సు దిగాను. ఆమె వాకిట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"ఏందీ చెల్లీ, చెప్పకుండా వచ్చినావ్?"

"ఊరికే అక్కా. అమ్మ నిన్ను చూడాలంటాంది."

వంటింట్లో అవ్వ చెవిలో చెప్పాను. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకొని, మర్నాడు కోడిని కోసి సంగటి కెలికింది. "తిననీ పాపం, మళ్లా ఎన్నాళ్లకు తింటాదో" అంది నాతో. ఆమె సంగటి ముద్ద పులుసులో ముంచి, మాలాగే నమలకుండా మింగింది. "ఇది మా నాయనకు రాస్తా. నమలకూడదు నాయనా, మింగాల అని." నేను ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. కడుపునిండా తిన్నాను, సిగ్గులేకుండా.

సాయంత్రం నంద్యాలలో మళ్లీ అన్నాలయ్యాయి. అయ్యగారు ప్రార్థన చేశారు. అమ్మ ఆమె చేయి పట్టుకొని, "నాయనను ప్రభువు పిలుచుకున్నాడు తల్లీ" అని తంతి ఇచ్చింది. ఆమె చదివింది. ఇంకోసారి చదివింది.

"పోలేదు కదా. జబ్బని ఉంది." ఆపైన తేదీ చూసింది. "ఇది నిన్నటిది."

చెప్పులు కూడా వేసుకోకుండా పోస్టాఫీసుకు పరిగెత్తింది. ఇంగ్లండుకు ట్రంక్ కాల్ మద్రాసు మీదుగా పోవాలి. లైను దొరికేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. మేనత్త మాట్లాడింది. ఆయన శుక్రవారం సాయంత్రం పోయాడు. చివరిదాకా తెలివితోనే ఉన్నాడట. ఫోను మోగినప్పుడల్లా అమ్మాయేనా అని అడిగాడట. మేము కోడిపులుసు తింటున్నప్పుడు ఆయన బతికే ఉన్నాడు.

"దేవుని చిత్తం తల్లీ" అంది అమ్మ.

"దేవుడు తంతి పంపినాడు కదమ్మా. ఆపింది మీరు."

కోపంగా కూడా అనలేదు. మేం నేర్పిన తెలుగులోనే, ఒక్క తప్పు లేకుండా అంది. అమ్మ పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుండిపోయింది.

ఆ రాత్రి రైలుకే ప్రయాణం. పెట్టె సర్దుతూ ఆమె నా వైపు తిరిగింది. "చెల్లీ, ఆళ్లగడ్డలో ఉన్నప్పుడు నీకు తెలుసా?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"తెలీదక్కా" అన్నాను.

ఆమె నన్ను పట్టుకొని ఏడ్చింది. అప్పటిదాకా ఆపుకున్నదంతా నా భుజం మీదే ఏడ్చింది. అమ్మ నన్ను చూసింది. ఆమెకు దారికి పెరుగన్నం కట్టడానికి లోపలికి పోయింది.

ఎనభైలలో చాలా ఏళ్లు ఆమె ఉత్తరాలు వచ్చాయి, తెలుగులోనే, నా ఒక్కదాని పేరుకే. వాటిలో అమ్మ మాట ఎప్పుడూ లేదు. ఉత్తరం వచ్చిన ప్రతిసారీ అమ్మ పొయ్యి దగ్గర నుంచే అడిగేది, "నన్ను అడిగిందా?"

"అడిగిందిమా" అనేదాన్ని.

అక్కకు నిజం రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. రాస్తే ఉత్తరాలు ఆగిపోతాయని భయం. అమ్మ పోయాక కూడా రాయలేదు.