చింతపండు వేలంలో గెలిచినాయన

అడవి, ధనం, నమ్మకద్రోహం, ముంచుకొస్తున్న రుతుపవనాలు అన్నీ కలిసిన మహాగాథ ఒకటి చెప్పబోతున్నాను. ఇలా మొదలుపెడితే బాగుంటుంది గానీ, నిజానికి ఇది నలభై బస్తాల చింతపండు సంగతి. ఇందులో ద్రోహం ఎవరూ చెయ్యలేదు. ధనం కూడా అంతంతమాత్రమే.

కరోనా తర్వాత రెండో ఎండాకాలంలో నన్ను కొత్తగూడెంలో ‘ఈ-వేలం సమన్వయకర్త’గా వేశారు. హోదా వింటే జీపు, బంట్రోతు ఉంటారనిపిస్తుంది. ఉన్నవి ఒక ల్యాప్‌టాప్, ఒక ప్లాస్టిక్ కుర్చీ, పదకొండు నెలల కాంట్రాక్టు. ఆ పదకొండు నెలలూ నిర్విఘ్నంగా పూర్తిచేసి ఇరవై తొమ్మిదో ఏట పదవీ విరమణ పొందాను. వీడ్కోలు సభ జరగలేదు. కుర్చీ మాత్రం లెక్క చూసి వెనక్కి తీసుకున్నారు.

భద్రాచలం వైపు అడవి ఊళ్లలో మహిళా సంఘాలు ఏరి తెచ్చిన చింతపండు, తేనె, ఇప్పపువ్వులను ఆన్‌లైన్‌లో వేలం వెయ్యడం నా పని. కొనదలచినవాళ్లు కొంత సొమ్ము ధరావతుగా కట్టి పేరు నమోదు చేసుకోవాలి. వేలం సాగినంతసేపు తెరమీద పేర్లు కనబడవు, ‘బిడ్డర్-1’, ‘బిడ్డర్-2’ అని అంకెలే ఉంటాయి. గెలిచినవాళ్లు ఏడు రోజుల్లో పూర్తి సొమ్ము కట్టి సరుకు ఎత్తుకుపోవాలి. కట్టకపోతే నోటీసు. దానికీ పలక్కపోతే ధరావతు జప్తు చేసి, పదిహేను రోజుల గడువుతో మళ్లీ వేలం. లేదా గెలిచినాయన “నాకు వద్దు” అని రాసిస్తే, రెండో స్థానంలో ఉన్నవాళ్లకు వెంటనే ఇవ్వొచ్చు.

ఆ ఏడు ఒక సంఘం చింతపండుకు మేము ఊహించని ధర పలికింది. గెలిచినాయన వెంకన్న, కారేపల్లిలో ఎరువుల దుకాణం. మా ఆఫీసులో మిఠాయి పంచారు, నేను రెండు తిన్నాను. ఏడు రోజులు గడిచాయి, పైసా రాలేదు. ఎనిమిదో రోజు ‘తీవ్రంగా పరిగణించబడును’ అని మూడుచోట్ల వచ్చేలా నోటీసు తయారుచేసి ఈమెయిల్ చేశాను. వెంకన్న పేరున ఉన్న ఆ ఈమెయిల్ ఐడీ నెట్ సెంటర్‌వాళ్లు సృష్టించిందనీ, దాని పాస్‌వర్డ్ వాళ్లకే గుర్తులేదనీ నాకు తర్వాత తెలిసింది.

ఈలోగా సంఘం అధ్యక్షురాలు లచ్చమ్మ ఫోను. ఇరవై రెండు మంది ఆడవాళ్లు ఆ సొమ్ముతో పత్తి విత్తనాలు కొనాలి. వానలు వారంలో ఉన్నాయి. మళ్లీ వేలమంటే విత్తే అదును దాటిపోతుంది.

“సారూ, పాట అయినంక పైసల్ రాకపోతే గదేం పాట? మేం చింతపండు విత్తుకోవాల్నా?” అంది.

పదో రోజు బండి మీద కారేపల్లి బయలుదేరాను. దారిపొడవునా మోసగాడికి చెప్పాల్సిన డైలాగులు సాధన చేశాను. దుకాణం ముందు దిగగానే వెంకన్న ఎదురొచ్చి నా భుజాలమీద శాలువా కప్పాడు. పక్క దుకాణాలవాళ్లను పిలిచి, “గీ సారే నన్ను గెలిపించిండు” అని పరిచయం చేశాడు. శాలువాతో నోటీసు ఇవ్వడం ఎలాగో నిబంధనల్లో లేదు.

“డబ్బెప్పుడు కడతారండీ?” అన్నాను, సాధన చేసినవేవీ గుర్తురాక.

“గదేంది సారూ, నాకు తెల్వదా? వచ్చే యేడు పాటకు ముందుగాల మొత్తం కడత. మా ఊళ్లె వినాయకుని లడ్డు పాడినోళ్లు గట్లనే గద కట్టేది. నేను రెండుసార్లు పాడిన, ఒక్కసారి గూడ ఎగ్గొట్టలే. అడుగుండ్రి ఎవల్నన్నా.”

అడగాల్సిన పనిలేకుండానే అందరూ తలూపారు.

“ఇది లడ్డు కాదండీ.”

“మీరే గద చెప్పిండ్రు, రైతుల మీటింగుల! ‘ఆన్‌లైన్ వేలమంటే బుగులు పడకుండ్రి, మన లడ్డు పాటే, ఫోన్ల పాడుడు గంతే’ అని. నేను ముందు వరుసల్నే కూసున్న.”

చెప్పాను. ఆ మాటకు చప్పట్లు కూడా కొట్టారు. అవి నచ్చి ఇంకో నాలుగు ఊళ్లలో అదే మాట చెప్పాను. ఇంకెంతమంది వచ్చే ఏడు పాటకు కట్టబోతున్నారో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

సరే, వద్దని రాసివ్వమన్నాను. వెంకన్న మొహం మాడ్చుకున్నాడు. “పాడినంక ఎనకకు పోతే మా సడ్డకుడు నవ్వడా? ఆ బిడ్డర్-3 వాడే. నేను నూరు పెంచితే వాడు నూరు పెంచిండు. వాని మీదనే గద అంత దూరం పోయిన!”

లోపలినుంచి ఆయన భార్య పద్మ వచ్చింది. “నలభై బస్తాలు ఏడ పెడ్తవ్? ఎరువు బస్తాల మీదనా, నీ నెత్తి మీదనా?”

పాటదారు ఎవరో బయటపెట్టకూడదని నిబంధన. ఎవరు కాదో చెప్పకూడదని ఎక్కడా లేదు. ఆ తోడల్లుడు అసలు నమోదే చేసుకోలేదని చెప్పాను.

“మరి నేను ఎవనితోని కొట్లాడిన సారూ?” అన్నాడు వెంకన్న. సంతకం పెట్టాడు. ధరావతు పోతుందంటే ఒప్పుకొని, ఊళ్లో చూపించుకోవడానికి ఆ సొమ్ముకు రసీదు అడిగాడు. ఇచ్చాను.

రెండో స్థానంలో ఉన్న ఆ బిడ్డర్-3 ఖమ్మంలో చింతపండు వ్యాపారి ఖాదర్ చాచా. వాళ్ల తాతలనాటి నుంచీ అదే పని. ఫోన్ చేస్తే నవ్వాడు. “అరె బేటా, ఆ పాటగాడు చింతపండు కొంటుండా, ఊరు కొంటుండా అనుకుని ఫోన్ పక్కకు పెట్టిన. నా ధర నాదే, ఒక్క రూపాయి పెంచ. ఇస్తనంటే జల్దీ చెప్పు.” మర్నాడు పొద్దున్నే సొమ్ము జమ అయింది. మధ్యాహ్నానికి లారీతో సహా సంఘం గోదాము దగ్గరున్నాడు. మబ్బు పట్టింది.

బస్తాలు తీస్తుంటే అడుగు వరుసలో ఆరు బస్తాలు చెమర్చి నల్లబడి ఉన్నాయి. చెల్లించని కొనుగోలుదారు వల్ల పదకొండు రోజుల్లో ఎంత నష్టం జరిగిందో, దానికి నేను ఎంత బాధ్యత వహిస్తున్నానో లచ్చమ్మకు వివరించడం మొదలుపెట్టాను. గొంతు కాస్త వణికించాను కూడా.

చాచా నేల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. “ఆగు బేటా. గిది లేటుతోని కాలే. సిమెంటు చెమ్మ. ఈ బస్తాలు పెట్టిన వారంలనే పోయినయ్. కింద చెక్కలెందుకు వెయ్యలే?”

లచ్చమ్మ నా వైపు చూసింది. “చూసి మంచిగున్నదని సంతకం పెట్టింది సారే” అంది.

నిజమే. వేలానికి నెల ముందు గోదాము పరిశీలించి ధ్రువీకరించాల్సింది సమన్వయకర్త. ఆ రోజు నేను గుమ్మంలోనుంచి చూసి సంతకం చేశాను. లోపల ఉక్కగా ఉంది.

ఆరు బస్తాలకు చాచా సగం ధర కట్టాడు. మూడో రోజుకు ఇరవై రెండు మందికీ డబ్బు అందింది, వాన కంటే ఒక పూట ముందు విత్తనాలు కొన్నారు. గెలిచినవాళ్లకు ఖరారు పత్రం పంపేముందు ఫోన్ చేసి, డబ్బు ఏ రోజు, లారీ ఏ రోజు అని రెండే ప్రశ్నలు అడగాలని బాధ్యతలు అప్పగించే ఫైల్లో రాశాను. దాని కింద ఇంకో వాక్యం: చింతపండు బస్తాల కింద జానెడు ఎత్తున చెక్కలు వెయ్యాలి, గోడకు ఆనించకూడదు.