ఇంజను ఆపాక వినిపించేది

ఈ మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి గ్లాసులో ఐసు ముక్కలు వేసి నీళ్ళు పోశాను. చిటచిటమంది. ఆ చప్పుడు ఆగేదాకా తాగలేదు. ఈ అలవాటు నాకు రత్నం తాతయ్య వల్ల వచ్చింది.

తాతయ్యది నిడదవోలులో మా పక్కిల్లు. గ్రీన్‌లాండ్ తీరంలో వేసవి యాత్రికులను మంచుకొండల మధ్య తిప్పే పడవలో చాలా ఏళ్ళు వంట చేసి తిరిగి వచ్చారు. "దొరలకి వండారంటమ్మా. ఇంట్లో గంజి వార్చమంటే చెయ్యి కాల్చుకుంటారు" అనేది వాళ్ళావిడ, మామ్మ. నా పదో తరగతి వేసవి క్లాసుల్లో, ఒక్కొక్కరూ ఒక పాఠం చెప్పాలన్నారు టీచరుగారు. నాకు మంచుకొండలు వచ్చాయి. పాఠమంతా డైరీలో రాసుకున్నాను. కానీ అంతకుముందు ఏడాది ఇలాగే క్లాసు ముందు నిలబడి, ఏడ్చి కూర్చున్నదాన్ని. ఈసారీ అంతే అయితే ఇక నలుగురిలో ఎప్పటికీ నోరు తెరవలేనని నాకు తెలుసు.

సంగతి విని తాతయ్య ఐసు ఫ్యాక్టరీ నుంచి ఊక చల్లిన దిమ్మ ఒకటి సైకిలు మీద తెచ్చారు. "పదమ్మా, కాలువలో వదిలి చూపిస్తా" అన్నారు. రేవులో ఎండిన బురద తప్ప ఏమీ లేదు. ఎండాకాలం కాలువలకి నీళ్ళు కట్టేస్తారని మా ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. అన్ని వేసవులు మంచు నీళ్ళలో గడిపిన ఆయన అదే మరిచిపోయారు. కారిపోతున్న దిమ్మతో వెనక్కి వచ్చి గేదె కుడితి గోలెంలో వేశాం. "రేపట్నుంచి ఐసు లేందే అది తాగనంటే మీరే తేవాలి" అంది మామ్మ.

దిమ్మ కొంచెమే పైకి తేలింది. చెయ్యి పెట్టి చూస్తే, మోచెయ్యి మునిగినా దాని అడుగు అందలేదు.

"అక్కడ పడ్డ మంచు కరగదమ్మా. దాని మీద మళ్ళీ పడుతుంది. వేల ఏళ్ళు పేరుకుని, పై బరువుకి కిందది రాయిలా బిగుస్తుంది. మన గోదారిలాగే అదీ సముద్రానికి నడుస్తుంది, కాకపోతే చాలా మెల్లగా. అంచుకి వచ్చాక విరిగి పడుతుంది. అదే మంచుకొండ."

"దగ్గరికెళ్ళేవారా తాతయ్యా?"

"అమ్మో, తిరగబడితే పడవుండదు. దూరంగా ఆగి ఇంజను ఆపేవాళ్ళు. ఎవరూ మాట్లాడేవారు కాదు. అప్పుడు వినపడేది చిటచిటా. మంచు కరుగుతుంటే, అందులో ఎప్పుడో చిక్కుకున్న గాలి బయటికొచ్చే చప్పుడమ్మా అది. ఆ గాలి మనుషులు ఊళ్ళు కట్టకముందుదేమో. నేను గరిటె పట్టుకుని నిలబడిపోయేవాణ్ణి. కూర మాడిపోయేది."

నా భయం అప్పుడు చెప్పాను. ఆయన ధైర్యం చెప్పలేదు. "నువ్వూ ముందు ఇంజను ఆపు. అందరూ ఊరుకున్నాక మాట్లాడు" అన్నారు.

మర్నాడు ఫ్లాస్కులో ఐసు పట్టుకెళ్ళాను. నిలబడి, డైరీ తెరిచి, మళ్ళీ మూసేశాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. గ్లాసులో ఐసు వేసి నీళ్ళు పోశాను. ఆ చప్పుడుకి ఒక్కొక్కరే మాటలాపి మెడలు చాచారు. "ఇది మామూలు ఐసు చిట్లే చప్పుడు. మంచుకొండలో వినిపించేది పాతకాలపు గాలి" అన్న గొంతు నాదేనని కాసేపటికి గానీ నమ్మలేకపోయాను. పాఠం చివరిదాకా చెప్పాను. సాయంత్రం తాతయ్య అడిగింది ఒక్కటే: "విన్నారా వాళ్ళు?"

తాతయ్య ఇప్పుడు లేరు. మంచుకొండను నేనింకా చూడలేదు. ఆ స్కూల్లోనే పాఠాలు చెబుతున్నాను. క్లాసులోకి వెళ్ళాక కాసేపు మౌనంగా నిలబడతాను. కొత్త టీచరుకి సిగ్గని పిల్లలనుకుంటారు. అదీ నిజమే. చివరి గుసగుస ఆగాక మొదలుపెడతాను.